యూకే స్పౌస్ వీసాకి కన్సల్టెన్సీ కావాలా? 60,000 కట్టాక నా రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తా, ఐదుకి ఒకటిన్నర. ఆ అర స్టార్ ఆ ఆఫీసులో స్కానింగ్ చేసే అమ్మాయికి, ప్రతి కాగితానికీ పేరు పెట్టి ఫోల్డర్లుగా సర్దినందుకు. మిగతా ఒకటి ఎందుకంటే, అంతకంటే తక్కువ ఇచ్చే వీలు ఎక్కడా ఉండదు కాబట్టి.

పేరు రాయట్లేదు. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా అలాంటి ఆఫీసులు బోలెడు, అన్నిటి బోర్డు మీదా అదే విమానం బొమ్మ, గోడలకి అవే వీసా కాపీలు, రిసెప్షన్‌లో అదే చాక్లెట్ల గిన్నె. మేం వెళ్లింది వాటిలో కాస్త పెద్దది, అంతే. మీరు వెళ్లేది ఇంకోటి అయినా ఇందులో సగం మీకూ ఎదురవుతుందని నా అనుమానం, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మా సంగతి ఇదీ. నేను ఇంగ్లండ్‌లో నర్సుని, వర్క్ వీసా మీద వచ్చి ఐదేళ్లు దాటాక ఐఎల్ఆర్ (యూకేలో శాశ్వతంగా ఉండే అనుమతి) తీసుకున్నాను. పెళ్లి 2025లో హనుమకొండలో అయింది. మా ఆయనది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఫారం ఆన్‌లైన్‌లోనే ఉంటుంది, మనమే నింపుకుందాం అని నేనన్నాను, మామయ్య మాత్రం ససేమిరా అన్నారు. "లక్షలతో పని అమ్మా, రిజెక్ట్ అయితే ఎవరిని అడుగుతాం? మా ఫ్రెండ్ కొడుకుని వాళ్లే పంపించారు" అని ఆయన వాదన. ఆ ఫ్రెండ్ కొడుకు వెళ్లింది స్టూడెంట్ వీసా మీద. సరే, పెద్దాయన మాట, కొత్త కోడలిని, ఎక్కువ లాగలేదు. ఫీజు 60,000, పైన జీఎస్టీ, సగం ముందు, సగం సబ్మిట్ చేసే ముందు. వీసా వచ్చినా రాకపోయినా డబ్బు వెనక్కి రాదని రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది.

మొదటి మీటింగ్‌లోనే తేడా కొట్టింది. నేను వీడియో కాల్‌లో ఉన్నా. "మేడమ్ నర్సు కాబట్టి సార్‌ది డిపెండెంట్ వీసా, 285 పౌండ్లు అకౌంట్‌లో 28 రోజులు చూపిస్తే చాలు, చాలా ఈజీ కేసు" అన్నాడు మా ఫైల్ చూసే అతను. స్కిల్డ్ వర్కర్ వీసాలో ఉన్నవాళ్ల భర్తకో భార్యకో అది కరెక్టే. నాకున్నది ఐఎల్ఆర్. ఐఎల్ఆర్ గానీ బ్రిటిష్ సిటిజన్‌షిప్ గానీ ఉంటే ఆ దారి పనికిరాదు, అపెండిక్స్ ఎఫ్ఎం అనే ఫ్యామిలీ రూల్స్ కింద వేరే అప్లికేషన్, వేరే ఫీజు, ఆదాయం రూలు, ఇంగ్లిష్ టెస్టు, అన్నీ వేరు. ఆ మాట నేను చెప్తే, పక్క సీటు వాళ్లని అడిగొచ్చి "అవును మేడమ్, అది సెటిల్‌మెంట్ కేసు, అది కూడా చేస్తాం" అన్నాడు. అప్పటికే సగం ఫీజు మామయ్య కట్టేశారు.

ఇప్పుడు అసలు విషయం, డబ్బు. ఈ వీసాలో నూటికి తొంభై వంతుల టెన్షన్ ఇక్కడే. 2012 జులైలో తెచ్చిన రూలు ప్రకారం స్పాన్సర్‌కి, అంటే యూకేలో ఉండి పిలిపించుకునే మనిషికి, ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం ఉంటే సరిపోయేది. 2024 ఏప్రిల్ 11 నుంచి అది 29,000 అయింది. తర్వాత 38,700 దాకా పెంచుతామని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది, కొత్త ప్రభుత్వం వచ్చాక ఆ పెంపు ఆగింది. ఆ అంకె నాకు ఎందుకు గుర్తుందంటే, 2025-26లో ఇంగ్లండ్‌లో బ్యాండ్ 5 (కొత్త నర్సులు మొదలయ్యే ప్రభుత్వ స్కేలు) నర్సు జీతం 31,049 దగ్గర మొదలై 37,796 దగ్గర ఆగిపోయేది. అంటే ఆ పెంపు అమలై ఉంటే, బ్యాండ్ 5లో ఎన్నేళ్లు పనిచేసిన నర్సు అయినా ఆ ఏడాది బేసిక్ జీతంతో మొగుణ్ణి తెచ్చుకోగలిగేది కాదు. పేషెంట్లని చూడటానికి పనికొస్తాం, సంసారం చేసుకోడానికి మాత్రం పనికిరామన్నమాట.

ఇందులో మనవాళ్లకి మింగుడుపడని సంగతి ఒకటుంది. బయటి దేశం నుంచి అప్లై చేసేటప్పుడు లెక్కలోకి వచ్చేది యూకేలో ఉన్న స్పాన్సర్ జీతమే. మా ఆయనకి మాదాపూర్‌లో ఎంతొచ్చినా సున్నాతో సమానం. కన్సల్టెన్సీ వాళ్లు ఏం చేశారంటే ఆయన మూడేళ్ల ఐటీ రిటర్న్‌లు, ఫామ్ 16లు, మామయ్య పేరు మీదున్న పొలం పాస్‌బుక్, ఇంటి కాగితాలు, ఇవన్నీ పోగేయించి, తెలిసిన సీఏ దగ్గర ఆస్తుల విలువ కట్టించి గోల్డ్ కలర్ స్టిక్కర్ వేసిన సర్టిఫికెట్ తయారు చేయించారు. దానికి విడిగా ఫీజు. స్టూడెంట్ వీసాకో, విజిటర్ వీసాకో అలాంటిది పెట్టడం మన దగ్గర అలవాటు. స్పౌస్ వీసాలో ఆ పొలం విలువ ఎక్కడ రాయాలో చూపించమని అడిగాను. అలాంటి గడే లేదు. "ఉంటే స్ట్రాంగ్‌గా ఉంటుంది మేడమ్" అన్నాడు. మామయ్యకి మాత్రం ఆ సర్టిఫికెట్ బాగా నచ్చింది, ఇప్పటికీ బీరువాలో ఉంది.

జీతం తగ్గినవాళ్లకి సేవింగ్స్ దారి ఉంది, దాని లెక్క ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి రాస్తున్నా. జీతం అసలు చూపించకుండా పూర్తిగా సేవింగ్స్ మీదే వెళ్లాలంటే 88,500 పౌండ్లు కావాలి. జీతం కొంత ఉండి తక్కువ పడితే, తక్కువైన మొత్తాన్ని రెండున్నరతో హెచ్చించి దానికి 16,000 కలపాలి. ఉదాహరణకి పార్ట్ టైమ్ చేస్తూ 25,000 వస్తుంటే, లోటు 4,000, రెండున్నర రెట్లు 10,000, దానికి 16,000 కలిపితే 26,000 పౌండ్లు. ఆ డబ్బు ఆరు నెలలు మీ అకౌంట్‌లో కదలకుండా ఉండాలి, భార్యాభర్తలిద్దరిలో ఎవరి పేరు మీదున్నా పర్వాలేదు. మా ఎదురుగానే ఇంకో దంపతులకి ఇదే ఆఫీసులో "28 రోజులకి ఫండ్స్ అరేంజ్ చేయిస్తాం, వడ్డీ కట్టుకుంటే చాలు" అని చెప్పడం విన్నాను. వాళ్లది కూడా స్పౌస్ కేసే. దయచేసి ఆ జోలికి పోకండి. ఆరు నెలల స్టేట్‌మెంట్ ముందు ఆ 28 రోజుల డబ్బు ఎందుకూ కొరగాదు, పైగా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాల్సి వస్తే అబద్ధం మీద అబద్ధం.

నా జీతం సరిపోతుంది, ఒకే ఎంప్లాయర్ దగ్గర ఆరు నెలలు దాటింది కాబట్టి మాది సులువైన కేటగిరీ. ఆరు నెలల పేస్లిప్‌లు, ఆ జీతం పడినట్టు ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఎంప్లాయర్ లెటర్, అంతే. ఆ లెటర్‌లో నాలుగు సంగతులు ఉండి తీరాలి: ఉద్యోగం, ఏడాది జీతం, ఎప్పట్నుంచి చేస్తున్నారు, ఇదే జీతం ఎప్పట్నుంచి వస్తోంది, పర్మనెంటా కాంట్రాక్టా. రాస్తుంటే ఐదయ్యాయి, ఉద్యోగం, జీతం కలిపి ఒకటిగా లెక్కేసుకోండి. కన్సల్టెన్సీ పంపిన నమూనాలో "ఈమె మా సంస్థలో పనిచేస్తున్నారు, ప్రవర్తన బాగుంది" అని మాత్రమే ఉంది. రూల్స్ చదివి నేనే మా హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి సరైన లెటర్ తెప్పించుకున్నా.

ఇక తేదీల గొడవ. అప్లికేషన్ వేసే రోజుకి చివరి పేస్లిప్, చివరి స్టేట్‌మెంట్ 28 రోజుల లోపువి అయి ఉండాలి. నా వైపు నుంచి అన్నీ పంపేశాక ఫైల్ వీళ్ల దగ్గర కూర్చుంది. ఎప్పుడు ఫోన్ చేసినా "స్లాట్లు చూస్తున్నాం మేడమ్". ఏం స్లాట్లు? ముందు ఫారం నింపి ఫీజు కడితేనే తర్వాత బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫొటో) స్లాట్ బుక్ అవుతుంది, ఫీజు కట్టకుండా స్లాట్ ఎక్కడ్నుంచి చూస్తారు? వీళ్లు నాన్చేసరికి నా పేస్లిప్ పాతబడిపోయింది, మళ్లీ కొత్తది, మళ్లీ కొత్త స్టేట్‌మెంట్. మామూలుగా చూస్తే ఇది చిన్న విషయం, కానీ ఒక్క కాగితం తేదీ తప్పిందని ఇలాంటి కేసుల్లో రిఫ్యూజల్ రావచ్చు. రిఫ్యూజ్ అయితే హెల్త్ సర్‌చార్జ్ (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టించుకునే డబ్బు) వెనక్కి ఇస్తారు, వీసా ఫీజు మాత్రం పోయినట్టే.

ఆ ఫీజు ఎంతో కూడా చెప్పాలి కదా. మేం కట్టినప్పుడు, అంటే 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రేటు 1,938 పౌండ్లు. దానిపైన హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి 1,035. వీసా ఇచ్చేది 33 నెలలకి, అయినా మూడేళ్లకి లెక్కగట్టి 3,105 తీసుకుంటారు. రెండూ కలిపితే 5,043 పౌండ్లు, అప్పటి రేటుకి మన డబ్బుల్లో ఐదున్నర, ఆరు లక్షల మధ్య. ఇందులో కన్సల్టెన్సీకి వెళ్లేది ఏమీ లేదు. మీరు వెళ్లే నాటికి రేట్లు మారి ఉండొచ్చు, ప్రభుత్వ వెబ్‌సైట్ చూసుకోండి, ఆఫీసు గోడ మీద అంటించిన కాగితం కాదు.

ఇంగ్లిష్ టెస్టు దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. మా ఆయన బీటెక్, రోజూ క్లయింట్లతో ఇంగ్లిష్‌లో మాట్లాడే మనిషి. ఈ వీసాకి కావాల్సింది ఏ1, అన్నిటికంటే కింది లెవెల్, వినడం, మాట్లాడటం మాత్రమే, చదవడం రాయడం లేవు. ఐఈఎల్టీఎస్ లైఫ్ స్కిల్స్ ఏ1 అని ఉంటుంది, ఇంకో అభ్యర్థితో కలిసి ఎగ్జామినర్ ముందు పావుగంట పైన ఓ రెండు మూడు నిమిషాలు మాట్లాడితే అయిపోతుంది, పాస్ లేదా ఫెయిల్, మార్కులుండవు. వీళ్లు ఆయన్ని పై అంతస్తులో వాళ్లదే ఉన్న కోచింగ్ సెంటర్‌లో అకడమిక్ ఐఈఎల్టీఎస్ బ్యాచ్‌లో చేరమన్నారు. ఏడు బ్యాండ్లు తెచ్చుకుంటే ప్రొఫైల్ బాగుంటుందట! పైగా మామూలు ఐఈఎల్టీఎస్ ఈ వీసాకి చెల్లదు, హోమ్ ఆఫీస్ (వీసాలు చూసే యూకే ప్రభుత్వ శాఖ) ఒప్పుకున్న సెక్యూర్ టెస్టే అయి ఉండాలి. ఇంగ్లిష్ మీడియం డిగ్రీని ఎక్టిస్ (విదేశీ డిగ్రీలని సరిచూసే యూకే సంస్థ) ద్వారా చూపించే దారి కూడా ఉంది, కానీ కాలేజీ చుట్టూ లెటర్ కోసం తిరగడం కంటే ఈ టెస్టే త్వరగా అవుతుందని మా ఆయన వెళ్లి ఇచ్చి వచ్చాడు. ఎగ్జామినర్ ఇష్టమైన వంటల గురించి మాట్లాడమంటే, పక్కనున్న పెద్దావిడా ఈయనా కలిసి గోంగూర గురించి మాట్లాడుకున్నారట.

టీబీ టెస్టు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. హోమ్ ఆఫీస్ లిస్టులో ఉన్న క్లినిక్‌కే వెళ్లాలి, హైదరాబాద్‌లో ఉంది, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది. మీ ఫ్యామిలీ డాక్టరు రాసిచ్చింది పనికిరాదు.

అన్నిటికీ మించింది కవర్ లెటర్. రెండో విడత డబ్బు కట్టే ముందు డ్రాఫ్ట్ చూపించమంటే వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపారు, నైట్ షిఫ్ట్ బ్రేక్‌లో టీ తాగుతూ తెరిచాను. మొదటి పేరా బాగానే ఉంది, పేర్లు, పెళ్లి తేదీ. రెండో పేరాకి వచ్చేసరికి, తెలుగులో చెప్తే ఇలా ఉంది: "నాకు హనుమకొండలో సొంత ఇల్లు, తల్లిదండ్రుల పేరిట వ్యవసాయ భూమి ఉన్నాయి. నా పర్యటన ముగిసిన వెంటనే తప్పకుండా భారతదేశానికి తిరిగి వస్తానని హామీ ఇస్తున్నాను." మళ్లీ చదివాను. ఈ వీసా రూలే, ఇద్దరూ యూకేలో శాశ్వతంగా కలిసి ఉండాలనుకుంటున్నారు అని చూపించాలి. పెళ్లిపీటల మీద కూర్చుని "పదహారు రోజుల పండగ అవ్వగానే పుట్టింటికి వెళ్లిపోతా" అని ప్రమాణం చేసినట్టుంది. వెంటనే ఫోన్ చేశా. "అది స్టాండర్డ్ ఫార్మాట్ మేడమ్, అందరికీ అదే పెడతాం, ఎంబసీ వాళ్లకి నచ్చుతుంది" అన్నాడు. విజిటర్ వీసా ఫార్మాట్‌లో పేర్లు మార్చి పంపాడని అతనికి చివరిదాకా అర్థం కాలేదు. ఆ లెటర్ తీసేయించి నేనొకటి, మా ఆయన ఒకటి రాసుకున్నాం.

ఆ రాసేటప్పుడు తేలింది, అసలు కష్టం ఎక్కడుందో. మనలాంటి పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లకి ఆ ఫారం కాస్త ఇబ్బంది పెడుతుంది. మొదటిసారి ఎప్పుడు కలిశారు, మీ బంధం ఎప్పుడు మొదలైంది, పెళ్లి ఎప్పుడు, అని విడివిడిగా అడుగుతుంది. బంధం ఎప్పుడు మొదలైంది అంటే ఏం రాస్తాం? బయోడేటా చేతులు మారిన రోజా, పెళ్లిచూపులా, మామయ్య "ఓకే" అన్న రోజా? కన్సల్టెన్సీ వాళ్లు మూడు గడుల్లోనూ పెళ్లి తేదీయే వేశారు, అంటే మేం పీటల మీదే మొదటిసారి చూసుకున్నామన్నమాట. మేం పెళ్లిచూపుల తేదీ, తర్వాత ఇద్దరం సరే అనుకున్న తేదీ, నిశ్చితార్థం, పెళ్లి వరసగా పెట్టి, మన దగ్గర సంబంధం ఎలా కుదురుతుందో నాలుగు వాక్యాల్లో రాశాం. సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకున్న మ్యారేజ్ సర్టిఫికెట్ ఎటూ ఉంది. ఫొటోలు జీలకర్ర బెల్లం ఒకటి, తలంబ్రాలు ఒకటి, రెండు కుటుంబాలూ ఉన్నది ఒకటి, పెళ్లి తర్వాత తిరిగినవి కొన్ని. ఆల్బమ్ మొత్తం స్కాన్ చేద్దామన్నారు వీళ్లు, వద్దన్నాం.

వాట్సాప్ చాట్‌లు కూడా పెట్టాలి కదా, నెలకి కొన్ని చొప్పున తీద్దామని కూర్చుంటే ఎక్కడ చూసినా "తిన్నావా" "ఆ, నువ్వు?" "డ్యూటీ అయిందా" "ఇంకా లేదు" "సరే పడుకుంటా". ఇంత చప్పగా ఉందేంటి, ఆఫీసర్ నమ్ముతాడా అని మా ఆయనకి దిగులు. నాకైతే అంతకంటే గట్టి రుజువు ఉండదనిపించింది. ఇంగ్లిష్‌లోకి మార్చి సంతకం పెట్టించాల్సినవి ట్రాన్స్‌లేటర్‌కి ఇచ్చాం.

ఇంటి సంగతి కూడా అడుగుతారు. నాది అద్దె ఫ్లాట్, అగ్రిమెంట్, ఓనర్ లెటర్, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు పెట్టా. షేరింగ్‌లో ఉంటున్నవాళ్లు మాత్రం జాగ్రత్త, మీకంటూ కనీసం ఒక గది ఉండాలి, ఇల్లు కిక్కిరిసి ఉండకూడదు.

బయోమెట్రిక్స్ రోజు మా ఆయన ఒక్కడే వెళ్లాడు, వేలిముద్రలు, ఫొటో, పాస్‌పోర్ట్ ఇచ్చి వచ్చేశాడు, ఇంటర్వ్యూ ఏమీ లేదు. కాగితాలు ముందే ఆన్‌లైన్‌లో మనమే అప్‌లోడ్ చేసుకోవచ్చు. కన్సల్టెన్సీ వాళ్లు ఆఖరి ప్రయత్నంగా "మా ద్వారా ప్రయారిటీ తీసుకుంటే త్వరగా వస్తుంది, 75,000" అన్నారు. ప్రయారిటీకి అసలు ఫీజు 500 పౌండ్లు, అది ఎవరైనా ఆన్‌లైన్‌లో నేరుగా కట్టుకోవచ్చు, దానికి గడువు 30 పని దినాలు, మామూలుగా అయితే 12 వారాలు. మధ్యలో వీళ్లకి ఎంత మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. మేం మామూలు దాంట్లోనే ఉన్నాం, గడువులోనే వచ్చింది. ప్లాస్టిక్ కార్డు కోసం ఎదురుచూడకండి, బీఆర్‌పీ కార్డులు 2024 అక్టోబరుతో ఆపేశారు, ఇప్పుడంతా ఈ-వీసా, యూకే వీసా విభాగం (యూకేవీఐ) సైట్‌లో అకౌంట్ తెరుచుకోవాలి.

మధ్యలో మా బాబాయి ఒకాయన "జర్మనీ మీదుగా తీసుకెళ్తే ఈ జీతం రూలు ఉండదట కదా" అని ఫోన్ చేశారు. ఆ దారి ఒకప్పుడు నిజంగానే ఉండేది. 1992లో యూరోపియన్ కోర్టు తీర్పుతో వచ్చింది, సురీందర్ సింగ్ రూట్ అనేవారు, ఆ కేసులో భర్త మన భారతీయుడే, బ్రిటిష్ భార్యతో జర్మనీలో పనిచేసి వెనక్కి వచ్చినాయన. బ్రిటిష్ పౌరులకి మాత్రమే వర్తించేది. బ్రెగ్జిట్‌తో పోయింది, 2020 డిసెంబరు 31 తర్వాత కొత్తగా వెళ్లినవాళ్లకి లేదు. ఇప్పుడు ఎవరైనా ఐర్లండ్ అనో జర్మనీ అనో ఆ పేరుతో ప్యాకేజీ అమ్మితే దండం పెట్టి వచ్చేయండి.

మరి ఎవరికీ సాయం అక్కర్లేదా అంటే, కావాలి. సొంత బిజినెస్ ఉన్నవాళ్లు, సొంత లిమిటెడ్ కంపెనీ నుంచి జీతం తీసుకునేవాళ్లు, జాబ్ మారి ఆరు నెలలు కానివాళ్లు, ఇదివరకు రిఫ్యూజల్ ఉన్నవాళ్లు, వీసా గడువు దాటి ఉండిపోయినవాళ్లు, మొదటి పెళ్లి విడాకుల కాగితాలు సరిగ్గా లేనివాళ్లు, మీరు డబ్బు పెట్టాల్సిందే, కానీ యూకేలో ఉన్న సొలిసిటర్‌కో, ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో రిజిస్టరైన అడ్వైజర్‌కో పెట్టండి. 2025 జనవరి దాకా దాని పేరు ఓఐఎస్‌సీ. రిజిస్ట్రేషన్ లేకుండా అక్కడ ఇమిగ్రేషన్ సలహా ఇవ్వడం నేరం, రిజిస్టరైన వాళ్ల పేర్లు ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు, తప్పు చేస్తే ఫిర్యాదు చేసే చోటు ఉంటుంది. హైదరాబాద్‌లో కూర్చున్న వీళ్లకి అదేమీ వర్తించదు. మా ఫైల్ చూసినతను మధ్యలో ఉద్యోగం మానేశాడు, మా కేసు ఏమిటో తర్వాత వచ్చినతనికి మళ్లీ మొదట్నుంచి నేనే చెప్పా.

ఇక ముందు 30 నెలల పొడిగింపు ఉంది, దానికి ఇంగ్లిష్ ఏ2 కావాలి, మళ్లీ ఫీజు, మళ్లీ సర్‌చార్జ్, మళ్లీ జీతం కాగితాలు, ఐదేళ్లు నిండాక ఐఎల్ఆర్‌కి బీ1, లైఫ్ ఇన్ ద యూకే టెస్టు. అవి మేమే చేసుకుంటాం, ఈసారి మామయ్య కూడా ఏమీ అనలేదు. మా ఆయన వచ్చాడు, ఇక్కడే ఉద్యోగం వెతుక్కుంటున్నాడు, ఈ వీసా మీద ఏ పనైనా చేసుకోవచ్చు. ఆ కన్సల్టెన్సీ నుంచి మాత్రం "సార్, కెనడా పీఆర్‌కి మీ ప్రొఫైల్ ఎలిజిబుల్, ఈ నెలలో డిస్కౌంట్" అని ఆయన ఇండియా నంబర్‌కి ఇంకా మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి.